గొయ్యి తీసేవాడే జవాబుదారి

నిర్గమకాండము 21వ అధ్యాయం చివర, పొడిచే ఎద్దును గురించిన ఆజ్ఞల నడుమ, మన ప్రసంగాలలో అరుదుగా వినిపించే రెండు వచనాలున్నాయి (33, 34). ఒకడు గొయ్యి తవ్వి కప్పకుండా విడిచిపెడితే, అందులో పొరుగువాని ఎద్దో గాడిదో పడి చస్తే, ఆ నష్టాన్ని గొయ్యి తవ్వినవాడే ఇచ్చుకోవాలని ధర్మశాస్త్రం చెబుతుంది. తవ్వినవాడు చెడ్డవాడని అక్కడ లేదు. గొయ్యి తవ్వడమే పాపమనీ లేదు. ఎండిన ఆ దేశంలో వాననీటిని దాచుకోవడానికి గోతులు తవ్వక తప్పదు. హెబ్రీ మూలంలో ఆ గోతికి వాడిన మాట 'బోర్'. మన బోరుబావికీ ఆ మాటకూ చుట్టరికం ఏమీ లేదు గాని, పొలంలో ఒకదాని తరువాత ఒకటిగా బోర్లు ఎండిపోవడం చూసిన రాయలసీమ విశ్వాసి చెవిన ఆ మాట పడితే, ఒక నిమిషం ఆగి ఆలోచిస్తాడు.

ప్రియ పాఠకులారా, ఈ వారం ఆ రెండు వచనాలను మన రెండు ఊళ్ళ పక్కన పెట్టి చదవాలని మేము కోరుతున్నాం. ఒకటి కర్నూలు జిల్లా కప్పట్రాళ్ళ. అక్కడ యురేనియం కోసం బోర్లు వేయబోతే జనం అడ్డుపడ్డారు. రెండోది కడప జిల్లా తుమ్మలపల్లె. అక్కడ యురేనియం గని ఇప్పటికే నడుస్తున్నది. మొదటి ఊరి భయం అర్థం కావాలంటే రెండో ఊరి అనుభవం తెలియాలి.

కప్పట్రాళ్ళలో జరిగింది

దేవనకొండ మండలం కప్పట్రాళ్ళ రిజర్వు అడవిలో యురేనియం ఎంత ఉందో అంచనా వేయడానికి 68 బోర్లు వేయాలన్నది ప్రతిపాదన. ప్రతిపాదించినది అణు ఇంధన శాఖ కింద, హైదరాబాదు కేంద్రంగా పనిచేసే అణు ఖనిజాల అన్వేషణ సంస్థ. అందుకు అడిగిన అటవీ భూమి 6.8 హెక్టార్లు, అంటే దాదాపు పదిహేడు ఎకరాలు. ఈ సంగతి తెలిసి చుట్టుపక్కల పల్లెల జనం 2024 నవంబరు తొలి వారంలో రోడ్డెక్కారు. ఆ వారంలోనే ముఖ్యమంత్రి ఆదేశంతో ఆ ప్రయత్నాన్ని ఆపుతున్నట్టు జిల్లా యంత్రాంగం ప్రకటించింది. ప్రజల మాట విన్నందుకు ప్రభుత్వాన్ని అభినందించవలసిందే.

రోడ్డెక్కినవారు ఎవరో కూడా చూడాలి. ఆ ప్రాంతం వానను నమ్ముకుని విత్తనం వేసే ప్రాంతం. ఉల్లి, టమాట, వేరుశనగ, పత్తి పండితే పండినట్టు, లేకపోతే లేనట్టు. పంట పోయిన ఏడు కుటుంబాలకు కుటుంబాలు ఇంటికి తాళం వేసి సుగ్గికి గుంటూరు వైపు మిరపకోతకు పోతాయి. అడవి అంచున మేకలూ గొర్రెలూ మేపుకుని బతికేవారు ఉన్నారు. మన సంఘాలలో ఎక్కువ మంది ఈ కుటుంబాలవారే. సుగ్గికి పోయిన నెలలలో ఆదివారం బల్లలు ఖాళీగా కనిపించే మందిరాలు ఆ పడమటి మండలాలలో ఎన్నో ఉన్నాయి. కాబట్టి ఇది ఎవరి సంగతో కాదు, మన ఇంటి సంగతి.

68 బోర్లకే ఇంత భయమా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. దానికి నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి. అన్వేషణ కోసం వేసే బోరు గని కాదు. సన్నని గొట్టంతో లోతున ఉన్న రాతిని పైకి తీసి, అందులో ఖనిజం ఎంత ఉందో పరీక్షిస్తారు. పని ముగిశాక దానిని సరిగా మూసివేయాలి. మూయకపోతే ఒక పొరలోని నీరు మరో పొరలోకి దారి చేసుకుంటుంది. బోరు వేసినంత మాత్రాన ఊరంతా రోగాలు వస్తాయని చెప్పడం సత్యం కాదు. అలా చెప్పేవారిని మనం సమర్థించకూడదు.

అయితే పల్లెవారి భయం బోరుతో ఆగలేదు. పరీక్షలో ఖనిజం బాగా ఉందని తేలితే, ఆ తరువాతి అడుగు గని. గని అంటే ఏమిటో చూడడానికి వారు దూర దేశం పోనక్కరలేదు. కడప జిల్లాలోనే ఉంది.

తుమ్మలపల్లె ఏం నేర్పింది?

పులివెందుల దగ్గర వేముల మండలంలోని తుమ్మలపల్లె గనిని, శుద్ధి కర్మాగారాన్ని కేంద్ర ప్రభుత్వ సంస్థ యురేనియం కార్పొరేషన్ నడుపుతున్నది. 2006 సెప్టెంబరులో అక్కడ ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. కర్మాగారం 2012లో మొదలైంది. రోజుకు 3,000 టన్నుల ఖనిజపు రాతిని శుద్ధి చేసే సామర్థ్యంతో దానిని కట్టారు.

ఇక్కడి రాతిలో యురేనియం చాలా తక్కువ, సుమారు 0.04 శాతం. టన్ను రాయి పిండి చేస్తే, ఉన్నదంతా తీయగలిగినా వచ్చేది సుమారు 400 గ్రాములు. మిగిలిన రాయి మొత్తం వ్యర్థమే. ఈ రాయి సున్నపురాతి జాతిది కనుక ఆమ్లం పనికిరాదు. సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు కలిపిన ద్రావణంలో, వేడిలో, ఒత్తిడిలో దానిని ఉడికించి యురేనియం లాగుతారు. మిగిలిన బురదను గొట్టాల ద్వారా టెయిలింగ్ పాండ్ అని పిలిచే వ్యర్థాల చెరువులోకి పంపుతారు. యురేనియం తీసివేశాక ఇక ప్రమాదం ఉండదని అనుకోవచ్చు. కానీ యురేనియం నుండి పుట్టిన రేడియం, థోరియం వంటివి ఆ బురదలోనే ఉండిపోతాయి. ఖనిజంలో మొదట ఉన్న రేడియోధార్మికతలో సుమారు 85 శాతం అలా వ్యర్థంలోనే మిగులుతుంది. రేడియం సగానికి తగ్గడానికి 1,600 ఏళ్ళు పడుతుంది. మన ప్రభువు పుట్టిన నాటి నుండి నేటివరకు గడిచిన కాలానికి అది కొన్ని వందల ఏళ్ళు మాత్రమే తక్కువ. అంత కాలం ఆ గొయ్యిని ఎవరో ఒకరు కాపలా కాయాలి.

ఆ చెరువు పక్కనున్న కొట్టాల, మబ్బుచింతలపల్లె, భూమయ్యగారిపల్లె వంటి ఊళ్ళ రైతులు కొన్నేళ్ళుగా చెబుతున్నది ఇది: బోరు నీరు చెడింది, అరటి తోటలు దెబ్బతిన్నాయి, నేల గట్టిపడింది, ఒంటిమీద దద్దుర్లు వస్తున్నాయి. నేల గట్టిపడడం గురించి రైతుకు వేరే చెప్పనక్కరలేదు. సోడియం ఎక్కువైతే నేల చౌడుబారుతుంది, నీరు లోపలికి ఇంకదు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 2019 ఆగస్టులో ఆ సంస్థకు నోటీసు ఇచ్చింది. చెరువు అడుగున నీరు ఇంకకుండా వేయవలసిన పొర గురించి, చుట్టుపక్కల భూగర్భ జలం గురించి అందులో ప్రశ్నించింది. తమ వల్ల హాని జరగలేదని, ఆ ప్రాంతపు రాతిలోనే సహజంగా యురేనియం ఉందని సంస్థ వాదిస్తూ వచ్చింది.

ఎవరి మాట నిజం? ఈ తగవు ఇన్నేళ్ళు తెగకపోవడానికి ఒక పెద్ద కారణం ఉంది. రాతిలో యురేనియం ఉన్నచోట బావి నీటిలో కొంత యురేనియం గని రాకముందు కూడా ఉండవచ్చు. అది నిజం. కనుక గని వచ్చాక ఎంత పెరిగిందో చెప్పాలంటే, గని రాకముందు ఎంత ఉండేదో తెలియాలి. ఊరిలోని ఒక్కొక్క బోరు నీటి లెక్క, ఊరివారి చేతిలో, ముందే రాసి ఉండాలి. ఆ కాగితం రైతు దగ్గర లేదు. అందువల్ల నీరు చెడిందని నిరూపించే భారం నష్టపోయినవాని మీదే పడింది. ఎద్దు గోతిలో పడితే, గొయ్యి తనది కాదని తవ్వినవాడు అనవచ్చు, ఎద్దుకు ముందే జబ్బు ఉందని కూడా అనవచ్చు. ధర్మశాస్త్రం ఆ భారాన్ని ఎద్దు యజమాని నెత్తిన పెట్టలేదు. ఈ తేడాను గమనించమని మనవి.

ఇంకో సంగతి. భూమి పోయినవారికి నష్టపరిహారం ఉంటుంది. 2013 భూసేకరణ చట్టం భూమి లేకపోయినా దాని మీద ఆధారపడి బతికే కూలీ కుటుంబాలను కూడా కొన్ని షరతులతో బాధిత కుటుంబాలుగా గుర్తించింది. కానీ భూమి పోకుండా, గని కంచెకు అవతల ఉండి, బోరు నీరు మాత్రమే చెడినవాని పేరు ఏ జాబితాలో ఉంటుంది? అతని పట్టా భద్రంగానే ఉంటుంది. పండేది మాత్రం ఉండదు.

వినే తలుపు మూసుకుంది

ఇంతకాలం ఒక రక్షణ ఉండేది. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనులకు, కర్మాగారాలకు అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. ముప్పై రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో దొరకాలి. కలెక్టరు గాని ఆయన ప్రతినిధి గాని అధ్యక్షత వహించాలి. ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. చివర ఆ మాటల సారాన్ని అక్కడే చదివి వినిపించాలి. ఈ సభలు తూతూమంత్రంగా జరిగిన చోట్లు చాలానే ఉన్నాయి. అయినా చదువురాని ఒక అవ్వ మైకు ముందు నిలబడి అధికారిని ప్రశ్నించగలిగిన చోటు అదే.

2025 సెప్టెంబరు 8న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక ఆదేశపత్రం జారీ చేసింది. యురేనియం వంటి అణు ఖనిజాలు, దేశానికి కీలకమని ప్రకటించిన మరికొన్ని ఖనిజాలు తీసే గనులకు ప్రజాభిప్రాయ సేకరణ నుండి మినహాయింపు ఇచ్చింది. నిపుణుల పరిశీలన ఢిల్లీ స్థాయిలో జరుగుతుంది. దేశ రక్షణ, ఇంధన అవసరాలే దీనికి కారణాలుగా చెబుతున్నారు. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు కావాలన్నది ప్రభుత్వ లక్ష్యం కనుక యురేనియం అవసరం పెరుగుతుంది. ఆ అవసరాన్ని మేము కాదనడం లేదు. కానీ అవసరం పెరిగే కొద్దీ వినవలసిన పని కూడా పెరగాలి. ఇక్కడ జరిగింది దానికి తలకిందులు. సంగతి వినకముందే ప్రత్యుత్తరమిచ్చేవానికి అది మూఢత, సిగ్గు అన్న భావం సామెతలు 18:13లో ఉంది.

ఆలస్యంగా వినడానికి ఎంత ధర చెల్లించవలసి వస్తుందో మన రాష్ట్రానికి తెలుసు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని వ్యతిరేకించిన రైతులు, మత్స్యకారుల మీద 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఆ తీర్పు కొద్ది రోజులు ముందు వచ్చి ఉంటే, ఆ ఇళ్ళలో దీపాలు ఆరేవి కావేమో.

కప్పట్రాళ్ళకు దొరికినది ఒక హామీ. ఇచ్చిన మాటను అనుమానించడం మా ఉద్దేశం కాదు. కానీ పొరుగున తెలంగాణలో నల్లమల యురేనియం గురించి ఇలాంటి ఆందోళనే జరిగినప్పుడు, 2019 సెప్టెంబరు 16న ఆ రాష్ట్ర శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. నోటి మాట మనిషితో ఉంటుంది. రాసిన తీర్మానం మనుషులు మారినా ఉంటుంది. వినే సభ తప్పనిసరి కాని ఈ రోజులలో, ఆ తేడా ఇంకా పెద్దది.

సంఘానికి దీనితో పనేమిటి?

ఈ ప్రశ్న వేసే విశ్వాసులు ఉన్నారు. వారు రోమీయులకు 13వ అధ్యాయం గుర్తుచేస్తారు. మందిరంలో ఫ్యానూ మైకూ కరెంటుతోనే నడుస్తున్నాయి కదా అని కూడా అడుగుతారు. రెండూ నిజమే. కరెంటు వాడుకుంటూ దానికి కావలసినదంతా ఇంకొకరి ఊరిలో తవ్వుకోమనడం కపటమవుతుంది. అధికారులను గౌరవించమన్న ఆజ్ఞ కూడా మారలేదు. అయితే అధికారికి రాతపూర్వకంగా ప్రశ్న వేయడం తిరుగుబాటు కాదు. పౌలు తన రోమా పౌరసత్వపు హక్కును వాడుకుని విచారణ కోరాడు, కైసరు ఎదుట చెప్పుకుంటానన్నాడు (అపొస్తలుల కార్యములు 22, 25). విచారణ లేకుండా కొరడా దెబ్బలు తినడమే భక్తి అని ఆయన అనుకోలేదు.

మన సంఘాల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1876–78 నాటి మహా కరువులో మిషనరీలు వాక్యం చెప్పి ఊరుకోలేదు. ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం పనిని తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి దొరికేలా చేశాడు. తవ్వకమే అక్కడ ప్రాణాలు నిలిపింది. ఏ తవ్వకం ఎవరికి బతుకునిస్తుంది, ఎవరి నీటిని తీసుకుంటుంది అని అడగడం సువార్తకు పరాయి పని కాదు.

ఇప్పుడు చేయగలిగినవి

సంఘ పెద్దలు, స్త్రీల సమాజాలు, యవ్వనస్థులు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, నీటి లెక్క ముందే రాసిపెట్టుకోవడం. కప్పట్రాళ్ళ చుట్టూ గాని, అన్వేషణ జరగవచ్చని వినిపించే మరే ప్రాంతంలో గాని, తాగునీటి బోర్లన్నిటినీ పరీక్షించమని గ్రామీణ నీటి సరఫరా శాఖకు అర్జీ పెట్టాలి. యురేనియం పరీక్ష అన్ని ప్రయోగశాలలలో చేయరు, కనుక అర్జీలో ఆ పేరు స్పష్టంగా రాయాలి. తాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మన అణుశక్తి నియంత్రణ బోర్డు పరిమితి 60. ఫలితం వచ్చాక తేదీతో సహా పంచాయతీలో ఒక ప్రతి, ఊరివారి దగ్గర ఒక ప్రతి ఉంచాలి. గోపురం కట్టగోరేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పాడు (లూకా 14:28). తవ్వేవానికే కాదు, తవ్వితే నష్టపోగలవానికి కూడా ముందు లెక్క అవసరం. గని రాకపోయినా ఆ కాగితం వృథా కాదు. బిడ్డలు ఏ నీరు తాగుతున్నారో తెలుస్తుంది.

రెండోది, గ్రామసభ. మన మైదాన ప్రాంతపు గ్రామసభ తీర్మానానికి ప్రాజెక్టును ఆపేసే అధికారం చట్టంలో లేదు. అలా ఉందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. కానీ అది రాతలో నిలిచే సాక్ష్యం. ప్రశ్నలు స్పష్టంగా రాయాలి: ఎక్కడ తవ్వుతారు, వ్యర్థం ఎక్కడ పోస్తారు, చెరువు అడుగున ఏం పరుస్తారు, నీటిని ఎవరు ఎన్నాళ్ళకొకసారి పరీక్షిస్తారు, చెడితే ఎవరు చెల్లిస్తారు, గని మూతపడ్డాక ఎవరు కాపలా? తీర్మానం ప్రతిని కలెక్టరుకు ఇచ్చి రసీదు తీసుకోవాలి.

మూడోది, సమాచార హక్కు చట్టం. దరఖాస్తు చేస్తే ముప్పై రోజులలో జవాబు రావాలి. డిగ్రీ చదివిన మన యవ్వనస్థులకు ఇది ఒక సాయంత్రం పని. రాయడం రాని పొరుగువాని కోసం రాసిపెట్టడం కూడా పరిచర్యే.

నాలుగోది, నాలుకను కాపాడుకోవడం. సెల్‌ఫోనులో వచ్చే ప్రతి భయంకరమైన ఫోటోను ముందుకు పంపవద్దు. అబద్ధ సాక్ష్యం మంచి పని కోసం చెప్పినా అబద్ధ సాక్ష్యమే. పైగా ఒక్క అబద్ధం దొరికితే ఊరివారి నూరు నిజాలనూ కొట్టిపారేస్తారు. ఈ పోరాటాన్ని ఏదో ఒక పార్టీ జెండాకు కట్టివేయవద్దు. ఈ రోజు అడ్డుపడినవారు రేపు అనుమతిస్తారు, ఈ రోజు అనుమతించినవారు రేపు అడ్డుపడతారు. నీరు మాత్రం అదే నీరు.

ఐదోది, గనిలో పనిచేసే సహోదరుని శత్రువుగా చూడకపోవడం. పులివెందుల ప్రాంతపు ఏ సంఘంలోనైనా, గని జీతంతో బిడ్డను చదివిస్తున్న తండ్రీ, తోట పోగొట్టుకున్న తల్లీ ఒకే రొట్టెలో పాలుపొందే అవకాశం ఉంది. ఒకరి దుఃఖం ఒకరు వినగల చోటు మన మధ్య ఉండకపోతే, బయట సభలు జరగడం లేదని ఫిర్యాదు చేసే హక్కు మనకెక్కడిది?

బావుల కొడుకు

ఆదికాండము 26లో ఇస్సాకు తన తండ్రి నాటి బావులను తిరిగి తవ్వించాడు, కొత్త బావులు కూడా తవ్వించాడు. కొత్తవాటిలో ఒకదాని దగ్గర పోట్లాట వచ్చింది, దానికి ఏశెకు అని పేరు పెట్టాడు. ఇంకోదాని దగ్గర పగ వచ్చింది, దానికి శిత్నా అని పేరు పెట్టాడు. మూడోదాని దగ్గర ఎవరూ జగడమాడలేదు. ఇప్పుడు చోటు దొరికిందని దానికి రహెబోతు అని పేరు పెట్టాడు. ఇస్సాకు పగ తీర్చుకోలేదు. అలాగని తవ్వడం మానలేదు, జరిగినదానిని మరచిపోనూ లేదు. ఆ కొత్త బావులలో ఒక్కొక్కదానికీ దాని దగ్గర జరిగినదే పేరుగా నిలిపాడు.

కొట్టాల బావులకు ఏ పేరు నిలుస్తుందో, కప్పట్రాళ్ళ బావులకు ఏ పేరు రాబోతుందో మన చేతిలో పూర్తిగా లేదు. కానీ గొయ్యి తీసేవారిని ముందే జవాబు అడగడం, పొరుగువాని ఎద్దు పడకముందే కప్పు అడగడం మన చేతిలో ఉంది. వచ్చే ఆదివారం విజ్ఞాపన ప్రార్థనలో ఈ రెండు ప్రాంతాల పల్లెలను, అక్కడి కార్మికులను, జిల్లా అధికారులను, ఢిల్లీలో కూర్చుని నిర్ణయించే నిపుణులను పేరుపేరునా జ్ఞాపకం చేసుకోండి. ఆ తరువాత, సోమవారం, ఊరి బోరు నీటిని ఒక శుభ్రమైన సీసాలో పట్టి, పరీక్షకు అర్జీతో పంపండి.